అగస్త్య తార కింద ఇసుక లోకం

అరాకిస్ మీద వాన పడదు. సముద్రం లేదు, నది లేదు, చెరువు లేదు. గ్రహమంతా ఎడారే. అయినా అక్కడ మనుషులున్నారు. వాళ్ల పెళ్లిలో, చావులో, పగలో, మర్యాదలో ప్రతి నీటి చుక్కకూ లెక్క ఉంటుంది. అమెరికన్ రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో పుస్తకంగా వచ్చిన ‘డ్యూన్’ నవలలో సృష్టించిన గ్రహం ఇది. కెనోపస్ అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాల్లో మూడోది. కెనోపస్ అంటే మన అగస్త్య నక్షత్రమే. సముద్రాన్ని పుడిసిట పట్టి తాగేసిన ముని పేరున్న తార కింద నీరు లేని లోకం వెలిసింది. ఇది కాకతాళీయమే కావచ్చు, కానీ తెలుగు పాఠకుడికి ఆ గ్రహం చిరునామా గుర్తుండటానికి ఇంతకన్నా మంచి ఆనవాలు దొరకదు. ఎందుకంటే అరాకిస్ కథలోనూ అసలు ప్రశ్న అదే: అక్కడి నీళ్లన్నీ ఎవరు తాగేశారు?

కల్పిత గ్రహాలు సాహిత్యంలో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నాటకంలో వెనక వేలాడే తెర లాంటివి. అరాకిస్ అలా కాదు. దానికి ఎత్తులు రాసిన పటం ఉంది, గాలిలో ఏ వాయువు ఎంతో లెక్క ఉంది, ఉష్ణోగ్రతల పరిధి ఉంది, జీవావరణం గురించి విడిగా ఒక అనుబంధం ఉంది. కథలోని రాజకీయం, మతం, యుద్ధం అన్నీ ఆ నేల నుంచీ ఆ గాలి నుంచీ పుట్టుకొస్తాయి. ఆ నేలకు మూలం మాత్రం అరేబియాలోనో సహారాలోనో లేదు. అమెరికా పశ్చిమ తీరంలో, ఓరెగన్ రాష్ట్రంలో ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టి ఉండే చోట ఉంది.

సముద్రమట్టం లేని పటం

నవల చివర ఇచ్చిన పటం ఉత్తర ధ్రువాన్ని మధ్యలో పెట్టి గీసింది. భూమి మీద ఏ కొండ ఎత్తు చెప్పాలన్నా సముద్రమట్టం నుంచి కొలుస్తారు. సముద్రమే లేని చోట ఎక్కడి నుంచి కొలవాలి? హెర్బర్ట్ ఈ చిక్కును గమనించాడు. ‘గ్రేట్ బ్లెడ్’ అనే విశాలమైన చదును ఎడారిని సున్నాగా తీసుకున్నాడు. ధ్రువం దగ్గరి పల్లం దానికి 500 మీటర్ల దిగువన ఉంటుంది. ‘రెడ్ చాజమ్’ అనే లోయ 1,582 మీటర్ల దిగువన ఉంటుంది. ‘రిమ్‌వాల్ వెస్ట్’ అనే కొండచరియ 4,600 మీటర్లు లేస్తుంది. తెరిపి ఎడారి సుమారు 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 70 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాకా పరుచుకుంది.

భూమి మీద జనం ధ్రువాలకు దూరంగా బతుకుతారు, అరాకిస్‌లో ధ్రువం పక్కనే ఊళ్లు కట్టుకున్నారు. పాలకుల నగరమైన ఆరాకీన్, దానికి ఈశాన్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలోని కార్థాగ్, రెండూ ఉత్తరాన ‘షీల్డ్ వాల్’ అనే రాతి పర్వతాల చాటున ఉన్నాయి. ఆ గోడ రెండు పనులు చేస్తుంది. ఎడారి తుపానులను ఆపుతుంది, ఇసుక పురుగులను రానివ్వదు. ఇసుకలో ఈదే ఈ మహా జంతువులు 400 మీటర్లకు మించి కూడా పెరుగుతాయి, కానీ రాతిని తొలచలేవు. అందుకే అక్కడ రాయి అంటే గట్టు, ఇసుక అంటే కడలి. ఫ్రెమెన్ అనే ఎడారి జనం రాతి గుట్టల్లోని గుహల్లో కాపురముంటారు. ఇసుక మీద నడవాల్సి వస్తే అడుగులు లయ తప్పేలా వేస్తారు. సమంగా పడే అడుగుల చప్పుడుకు పురుగు వచ్చేస్తుంది.

పటం మీద పురుగులు కనిపించిన ఉత్తరపు హద్దు కూడా గీసి ఉంది. ఆ హద్దును నిర్ణయించేది చలి కాదు, తేమ అని పక్కనే వివరణ ఉంది. ఒక్క ముక్కలో చెప్పిన ఈ సంగతి గ్రహం రహస్యం మొత్తానికి తాళంచెవి.

దక్షిణార్ధగోళం పటంలో లేదు. అక్కడ సుమారు 40 డిగ్రీల అక్షాంశం వద్ద తాటి, ఖర్జూర జాతి చెట్ల తోపులున్నాయి, వాటిని ఎవరూ చూడకూడదు. గ్రహం మీద వాతావరణ ఉపగ్రహాలు తిరగకుండా ఫ్రెమెన్ అంతరిక్ష రవాణా సంస్థకు లంచం ఇస్తూ ఉంటారు. ఖాళీగా వదిలిన ఆ సగం పటం భూగోళ శాస్త్రంలోనూ రాజకీయం ఉంటుందని చెప్పే నేర్పైన వివరం.

అడుగు కింద ఒక వాతావరణం, అడుగు పైన ఒకటి

అరాకిస్ గాలిలో 75.4 శాతం నత్రజని, 23 శాతం ఆక్సిజన్, 0.023 శాతం కార్బన్ డయాక్సైడ్. మనిషి మామూలుగానే ఊపిరి తీసుకోగలడు. ఉష్ణోగ్రతలను నవల కెల్విన్ మానంలో చెబుతుంది. గ్రహం మీద ఎక్కువ చోట్ల 254 నుంచి 332 వరకు, అంటే మన లెక్కలో మైనస్ 19 నుంచి 59 డిగ్రీల సెల్సియస్ వరకు. మొక్కలు పెరగడానికి వీలైన 11 నుంచి 29 డిగ్రీల కాలం కూడా చాలినంత ఉంటుంది. తెరిపి ఎడారిలో ఇసుక పైపొర మాత్రం 71 నుంచి 77 డిగ్రీల దాకా కాలుతుంది.

అయితే ఆ వేడి నిలువునా ఒకేలా ఉండదు. ఇసుకలో ఒక అడుగు లోతున 55 డిగ్రీలు చల్లగా ఉంటుంది. నేలకు ఒక అడుగు పైన 25 డిగ్రీలు తగ్గుతుంది. ఆకు నీడ ఇంకో 18 డిగ్రీలు తగ్గిస్తుంది. మే నెల మధ్యాహ్నం కృష్ణ ఒడ్డున చెప్పుల్లేకుండా ఇసుకలో నడిచి, బొటనవేలితో ఇసుకను పక్కకు తోసి చల్లటి పొర మీద కాలు పెట్టినవారికి ఈ లెక్క చదవనవసరం లేదు. బతకడం సాధ్యమయ్యేది ఈ సన్నటి పొరల్లోనే. ఎలుక, నక్క, గుడ్లగూబ, మనిషి అంతా పగలు నేల లోపలికి వెళ్లి, రాత్రి బయటికి వస్తారు.

గాలి వేరే సంగతి. ఆపడానికి కొండ లేని ఆరేడు వేల కిలోమీటర్ల చదును నేల మీద తుపాను బలం పుంజుకుంటుంది. గ్రహం తన చుట్టూ తాను తిరగడం వల్ల పుట్టే కొరియాలిస్ బలం దానికి తోడవుతుంది. వేగం గంటకు 700 కిలోమీటర్లకు చేరుతుంది. అందులో చిక్కుకున్న ప్రాణి ఒంటి మీద మాంసం మిగలదు. కొన్ని పల్లాలు శతాబ్దాలుగా మెత్తని దుమ్ముతో నిండి ఉంటాయి. గ్రహానికి రెండు చందమామలున్నాయి గనక, ఆ దుమ్ము గుంటల్లో నిజంగానే ఆటుపోట్లు కొలిచారని నవల అంటుంది. నీటి సముద్రం పోయినా దాని నడత దుమ్ములో మిగిలిందన్నమాట.

నీటిని తాగిందెవరు

కంటికి కనిపించే నీరు ఉత్తర ధ్రువం దగ్గర చిన్న మంచు టోపీగా మాత్రమే ఉంది. దాన్ని తవ్వి అమ్ముకుంటారు. మిగిలినదంతా గాలిలోని తేమ. ఫ్రెమెన్ గాలి వచ్చే దారుల్లో తేమను ఒడిసిపట్టే యంత్రాలు పెడతారు. మొక్కల పాదుల్లో నాలుగు సెంటీమీటర్ల గుడ్డు ఆకారపు ప్లాస్టిక్ ముక్కలు పరుస్తారు. పగటి వెలుగులో అవి తెల్లబడి వేడిని వెనక్కి కొడతాయి. చీకటి పడ్డాక పారదర్శకమై, లోపలి వేడిని ఆకాశానికి వదిలేసి బాగా చల్లబడతాయి. తెల్లవారుజామున వాటి మీద మంచు కురుస్తుంది. మేఘం లేని రాత్రి నేల వేడి ఆకాశంలోకి పోవడం నిజమైన భౌతిక శాస్త్రమే. శీతకాలంలో పైరు ఆకుల మీద మంచు పట్టేదీ అలాగే.

మనిషి చెమటనూ ఊపిరి తేమనూ పట్టి, శుద్ధి చేసి మళ్లీ నోటికి అందించే దుస్తులు తొడుక్కుంటారు. మంచి దుస్తుల్లో రోజుకు పోయే తేమ కుట్టుపని అంగుస్తానుకు మించదు. చనిపోయినవారి శరీరంలోని నీరు వంశానికి చెందుతుంది. అలా తరతరాలుగా దాచిన ఒక్క గుహలోనే 38 కోట్ల లీటర్లకు పైగా నీరు ఉంటుంది.

ఇంతకీ నీరు ఏమైంది? పార్డాట్ కైన్స్ అనే గ్రహ శాస్త్రజ్ఞుడు నవలలో ఈ ప్రశ్నను పట్టుకుంటాడు. తుపానుకు దారి తప్పి ఎగిరినప్పుడు అతనికి ఎడారిలో ఒక తెల్లటి ఉప్పు పర కనిపిస్తుంది. ఉప్పు పర ఉందంటే ఒకప్పుడు అక్కడ నీరు నిలిచి ఎండిందన్నమాటే. మరో ఆధారం బావులు. పల్లాల్లో తవ్విన బావుల్లో మొదట సన్నగా ఊట వచ్చేది, తరవాత ఆగిపోయేది, మళ్లీ ఎప్పటికీ ఊరేది కాదు. లోపల ఎవరో బిరడా బిగించినట్టు.

బిగించింది ఇసుక పురుగు పిల్లలే. అరచేతంత ఉండే ఆ జీవులు నీరు కనబడితే చాలు, చుట్టూ చేరి దాన్ని లోతైన రాతిపొరల్లో సంచి కట్టినట్టు బంధిస్తాయి. పెద్ద పురుగుకు నీరు విషం. పిల్లలు నీటిని దాచేస్తేనే పెద్దవి బతుకుతాయి. బంధించిన నీటిలో పిల్లల విసర్జన కలిసి పులిసి, వాయువు ఒత్తిడికి ఒకనాడు బద్దలై పైకి చిమ్ముతుంది. ఎండకూ గాలికీ అది ‘మసాలా’ అనే అమూల్యమైన పదార్థమవుతుంది. దాని కోసమే నక్షత్ర లోకాలన్నీ కొట్టుకుంటాయి. మొక్కలు అంతంత మాత్రంగా ఉన్న గ్రహం గాలిలో 23 శాతం ఆక్సిజన్ ఎక్కడిదన్న ప్రశ్నకూ జవాబు పురుగే, దాని కడుపులోని కొలిమి ఆక్సిజన్‌ను వదులుతుంది. అగస్త్యుడి పని ఇక్కడ అరచేతంత జీవి చేసింది. ఎడారిని చేసింది జీవమే, ఆ జీవాన్ని నిలిపేది ఎడారి. ఒకదాన్ని ముట్టుకుంటే రెండోది కదులుతుంది. హెర్బర్ట్ కల్పనలో అన్నిటికన్నా గొప్ప కల్పన ఇదే.

శాస్త్రజ్ఞులు పెట్టిన పరీక్ష

2021లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ ఫార్న్‌స్‌వర్త్, సెబాస్టియన్ స్టైనిగ్, వారితో పాటు మైకేల్ ఫార్న్‌స్‌వర్త్ అరాకిస్‌ను వాతావరణ నమూనాలో పెట్టి చూశారు. భూమి భవిష్యత్ వాతావరణాన్ని లెక్కగట్టే రకం కంప్యూటర్ నమూనాయే అది. ఫలితం చాలా వరకు హెర్బర్ట్ పక్షానే వచ్చింది. వాన దాదాపు లేదు. ఎత్తైన అక్షాంశాల్లోని కొండల మీద, వేసవిలోనూ శరత్తులోనూ కొద్దిగా పడుతుంది. ఇసుక 70 డిగ్రీల దాకా కాలుతుంది.

ఒక్క చోట నవల, నమూనా ఎదురెదురుగా నిలిచాయి. భూమధ్యరేఖ ప్రాంతంలో వేడి నెలల్లో 45 డిగ్రీలు, చలి నెలల్లో 15 డిగ్రీలకు తగ్గదు. మన రాయలసీమకు, తెలంగాణకు ఇదేమీ కొత్త కాదు. నరకం ఉన్నది ధ్రువాల దగ్గర. వేసవిలో మాడిపోయే ఆ ప్రాంతం శీతకాలంలో మైనస్ 75 డిగ్రీలకు పడిపోతుంది. సముద్రం లేని గ్రహానికి వేసవి వేడిని దాచుకుని శీతకాలంలో మెల్లగా విడిచే ఆసరా ఉండదు. ధ్రువపు మంచు టోపీ కూడా అక్కడి వేసవికి నిలవదు. కాబట్టి అరాకిస్ జనం నిజంగా బతకాలంటే ధ్రువం దగ్గరి ఊళ్లను వదిలి నడిమి ఎడారికి రావాలి.

ఖగోళం లెక్క ఇంకా కఠినం. అగస్త్య నక్షత్రం సూర్యుడికి సుమారు 10,000 రెట్ల కాంతి ఉన్న మహా తార, సుమారు 310 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని చుట్టూ భూమికి అందేటంత వేడి మాత్రమే అందాలంటే గ్రహం సూర్యుడికీ భూమికీ ఉన్న దూరానికి 100 రెట్ల దూరంలో ఉండాలి. అప్పుడు ఒక ఏడాది మన 300 ఏళ్లకు పైగా పడుతుంది. ఒక్క వేసవిలో మూడు తరాలు పుట్టి పోతాయి. నవల ఈ లెక్క జోలికి పోలేదు.

ఎండిపోతున్న గ్రహం అనే ఊహ అమెరికాలో హెర్బర్ట్‌కు ముందే ఉంది. అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో 1894లో వేధశాల కట్టిన పెర్సివల్ లోవెల్ అంగారకుడి మీద కాలువలు చూశాననుకున్నాడు. అక్కడి జనం ధ్రువాల మంచు నీటిని పొలాలకు పారించుకుంటున్నారని నమ్మాడు. 1965 జూలైలో మెరైనర్ 4 నౌక పంపిన చిత్రాల్లో కాలువలు లేవు, బిలాలున్నాయి. ‘డ్యూన్’ పుస్తకం వెలువడింది ఆ మరుసటి నెలలోనే. ఒక ఊహా గ్రహం చెదిరిపోయిన వేసవిలోనే ఇంకొకటి వచ్చిందన్నమాట. తరవాత కాలంలో శని ఉపగ్రహమైన టైటన్ మీద కెసీనీ నౌక నిజమైన దిబ్బల సముద్రాలను కనిపెట్టింది. టైటన్ మైదానాలకు హెర్బర్ట్ గ్రహాల పేర్లు పెట్టడం ఆనవాయితీ అయింది. ‘అరాకిస్ ప్లానీషియా’ ఇప్పుడు ఖగోళ పటాల్లో ఉన్న నిజమైన చోటు.

వానలో పుట్టిన ఎడారి

ఓరెగన్ తీరంలో ఫ్లోరెన్స్ అనే చిన్న ఊరి నుంచి కూస్ బే దాకా సుమారు 64 కిలోమీటర్ల పొడవున ఇసుక దిబ్బలున్నాయి. కొన్ని సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తుకు లేస్తాయి. పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలు కారులో సుమారు మూడు గంటల్లో అక్కడికి చేరతాయి. ఎడారిలా కనబడే ఆ చోట ఏడాదికి 1,700 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. హైదరాబాదు వానకు ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. దిబ్బను ఎండ చేయదు, గాలీ ఇసుకా చేస్తాయి. తీరపు కొండల ఇసుకరాయి అరిగి నదుల్లో కొట్టుకొచ్చి సముద్రంలో చేరుతుంది. అలలు దాన్ని ఒడ్డున పోస్తాయి. వేసవిలో వాయవ్య గాలి, శీతకాలంలో నైరుతి తుపాను గాలి దాన్ని లోపలికి తోస్తాయి.

ఆ ఇసుక రోడ్ల మీదికి, రైలు పట్టాల మీదికి, ఇళ్ల మీదికి వచ్చేది. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరు రైతులకు ఈ కష్టం తెలుసు, హగరి నది ఇసుకను గాలి ఎత్తి వాళ్ల పొలాల మీద మేట వేస్తుంది. కోస్తాలో ఇసుకను పట్టి ఉంచడానికి సరుగుడు తోటలు వేసినట్టే, ఓరెగన్‌లో ప్రభుత్వ వ్యవసాయ శాఖ ఐరోపా నుంచి వచ్చిన ఒక గడ్డిని నాటించింది. బీచ్‌గ్రాస్ అనే ఈ గడ్డి గాలిని నెమ్మదింపజేస్తుంది, ఇసుక అక్కడే రాలుతుంది. రాలిన ఇసుకలో గడ్డి పూడిపోదు, దాన్ని చీల్చుకుని ఇంకా పైకి లేస్తుంది. కదిలే దిబ్బ నిలిచిపోతుంది.

పొరుగున ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో 1920లో పుట్టిన హెర్బర్ట్ వృత్తిరీత్యా పాత్రికేయుడు. 1957లో ఈ గడ్డి విజయం గురించి పత్రికా వ్యాసం రాద్దామని చిన్న విమానం అద్దెకు తీసుకుని ఫ్లోరెన్స్ దిబ్బల మీద తిరిగాడు. పైనుంచి చూస్తే ఇసుక అలలుగా కనబడింది. నీటి అలకూ ఇసుక దిబ్బకూ తేడా వేగంలోనే. అల క్షణంలో కదిలినంత మేర దిబ్బ ఏడాదిలో కదులుతుంది. కదిలే ఇసుకను ఎలా ఆపారో చెప్పే ఆ వ్యాసం అప్పట్లో అచ్చు కాలేదు. సేకరించిన సమాచారం మాత్రం ఆరేళ్ల పాటు పెరుగుతూ పోయింది. 1963 డిసెంబరు నుంచి ‘ఎనలాగ్’ పత్రికలో ధారావాహికగా వచ్చిన నవలను ఇరవైకి పైగా ప్రచురణ సంస్థలు తిప్పి పంపాయి. చివరికి కారు మరమ్మతు పుస్తకాలకు పేరున్న చిల్టన్ సంస్థ అచ్చు వేసింది. పుస్తకాన్ని రచయిత అంకితమిచ్చింది మెట్ట నేలల జీవావరణ శాస్త్రవేత్తలకు.

ఓరెగన్ పద్ధతి అరాకిస్‌లో అచ్చంగా కనిపిస్తుంది. మూడు నుంచి ఐదు శతాబ్దాల్లో గ్రహాన్ని పచ్చగా మార్చాలన్నది కైన్స్ ప్రణాళిక. ముందు దిబ్బల గాలి మాటు వాలులో గడ్డి నాటాలి. దిబ్బ ఎదురుగాలి వైపు పెరిగి 1,500 మీటర్లకు మించి లేచాక అటువైపు ఇంకా మొండి గడ్డి వేయాలి. తరవాత తోటకూర జాతి మొక్కలు, ఆపైన స్కాచ్ బ్రూమ్ పొద, లుపిన్, షోర్ పైన్. ఇవేవీ అరేబియా మొక్కలు కావు. ఓరెగన్ తీరంలో దిబ్బలను నిలిపిన వరుస కూడా ఇదే: ముందు బీచ్‌గ్రాస్, తరవాత స్కాచ్ బ్రూమ్, చివర షోర్ పైన్. ఆ తరవాతే అరాకిస్‌లో ఎడారి నాగజెముళ్లు, ఖర్జూరం, పత్తి, పుచ్చ, కాఫీ వస్తాయి.

గడ్డి గెలిచాక

తరవాతి నవలల్లో ఆ ప్రణాళిక నెగ్గుతుంది. 1976లో వచ్చిన ‘చిల్డ్రన్ ఆఫ్ డ్యూన్’లో పచ్చదనం పెరుగుతూ పురుగుల బతుకు ఇరుకున పడుతుంది. 1981 నాటి ‘గాడ్ ఎంపరర్ ఆఫ్ డ్యూన్’లో మూడున్నర వేల ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. గ్రహం నిండా అడవులూ నదులూ ఉంటాయి. ఎడారి ‘సరీర్’ అనే ఒక్క ముక్కగా మిగులుతుంది. దాన్ని పాలకుడు పనిగట్టుకుని కాపాడుతుంటాడు.

ఓరెగన్‌లో ఇందుకు మూడున్నర వేల ఏళ్లు పట్టలేదు. నాటిన చోట ఆగక బీచ్‌గ్రాస్ తీరమంతా పాకింది. ఒడ్డున అంతకుముందు లేని ఎత్తైన ఇసుక గట్టు కట్టింది. ఆ గట్టు సముద్రం నుంచి వచ్చే కొత్త ఇసుకను లోపలికి పోనివ్వదు. దాని వెనక ఉన్న ఇసుకను గాలి ఊడ్చుకుపోతూ భూగర్భ జలం తగిలేదాకా దిగుతుంది. తడి నేల బయటపడగానే పొదలు మొలుస్తాయి, వాటి వెనక పైన్ చెట్లు వస్తాయి. పాత వైమానిక ఛాయాచిత్రాల్లో తెల్లగా కనిపించే మేరలు ఇప్పుడు ఆకుపచ్చగా ఉన్నాయి. తెరిపి ఇసుకలో గుడ్లు పెట్టే స్నోయీ ప్లోవర్ అనే చిన్న పిట్టను పసిఫిక్ తీరంలో 1993లో ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. పొంచి వచ్చే శత్రువును దూరం నుంచే చూసే పిట్టకు గడ్డి పెరిగిన చోట కన్ను ఆనదు.

1972లో అమెరికా కాంగ్రెస్ ఆ దిబ్బలను జాతీయ విహార ప్రాంతంగా ప్రకటించింది. సయూస్లా జాతీయ అటవీ విభాగం కింద ఉన్న ఆ నేలలో ఇప్పుడు అటవీ సిబ్బంది, ఓరెగన్ దిబ్బల పునరుద్ధరణ బృందం, స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి గడ్డిని తొలగిస్తున్నారు. కొన్ని చోట్ల బుల్‌డోజర్లతో ఇసుక గట్టును కోస్తున్నారు, కొన్ని చోట్ల మందు కొడుతున్నారు, స్కాచ్ బ్రూమ్ పొదలను చేతులతో పీకుతున్నారు. వేరు ముక్క ఒక్కటి మిగిలినా బీచ్‌గ్రాస్ మళ్లీ లేస్తుంది. అందుకే ఒకసారి తీసిన చోటికే ఏడాది తరవాత మళ్లీ వెళ్లాల్సి వస్తోంది.